ఆటలేని నెలలు: తెలుగువారి కాలిబంతి చరిత్ర

గోదావరి డెల్టాలో ఏటేట వేసవియందు కాలువలు కట్టివేయుదురు. నీరు దిగిపోయిన ఆ దినములలో త్రోవను పోవు పరదేశి చూచి, "ఇచ్చట పని నిలిచిపోయినది" అనుకొనును. సంగతి రైతునకు తెలియును. పూడిక తీయుట, లాకుల తలుపులు బాగుచేయుట, బోదెలు సవరించుట, విత్తనపు గింజ నెండబెట్టి చూచుకొనుట, అన్నియు అప్పుడే జరుగవలెను. సార్వా పంట భాగ్యము సగము ఆ నీరులేని దినములలోనే తేలిపోవును.

ఆటల జట్లకును ఇట్టి కాలమొకటి కలదు. ఒక యేటి పోటీలు ముగిసి మరుసటి యేటి పోటీలు మొదలగువరకు నడుమ గడచు నెలలవి. మైదానము బోసిపోయి యుండును. అభిమానుల నోళ్ళు మాత్రము ఊరకుండవు. "మన జట్టునకు గోలు కాపరి చాలడు, ఎడమప్రక్క పరుగెత్తువాడు లేడు, ఫలానా కుఱ్ఱవానిని తెచ్చుకొన్నచో ఈ యేడు కప్పు మనదే" అని అరుగులమీద వాదములు సాగును. సంక్రాంతికి నెలల ముందునుండియే పుంజుల బలాబలములు తూచు సీమవారికి ఈ ముచ్చట క్రొత్తది కాదు. ఐనను ఈ వాదములలో సామాన్యముగ ఎవరును అడుగని ప్రశ్న యొకటి కలదు. జట్టున కొఱత యున్నప్పుడు ఆటగానిని కొని తెత్తుమా, పెంచుకొందుమా? తెలుగువారి కాలిబంతి చరిత్రను చూచినచో ఈ ప్రశ్నకు జవాబు దొరకును. ఆ కథను నేడు పెద్దలకు మనవి చేయుదును.

కొని తెచ్చు పద్ధతికి పేరుపడ్డ పట్టణము కలకత్తా. అచ్చట మోహన్ బగాన్ క్లబ్బు 1889లోను, మహమ్మదన్ స్పోర్టింగు 1891లోను, ఈస్ట్ బెంగాల్ 1920లోను పుట్టినవి. 1911 జూలై 29వ తేదీన మోహన్ బగాన్‌వారు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటను తెల్లసైనికుల జట్టును 2–1గా ఓడించి షీల్డు గెలుచుకొన్నప్పుడు, అది బంతాటలోని గెలుపుగా గాక జాతి గెలుపుగా జనులు భావించిరి. నాటినుండి బెంగాలీలకు ఈ యాట ప్రాణప్రదమైనది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన నాడు ఆ పక్షమువారు ఇలిస చేపను, మోహన్ బగాన్ గెలిచిన నాడు ఈ పక్షమువారు రొయ్యలను వండుకొని పండుగ చేసికొందురని ప్రసిద్ధి. ఆ ఇలిసయే సముద్రము విడిచి గోదావరి కెదురెక్కి వచ్చినప్పుడు మనకు పులస యగుచున్నది. కనుక ఆ పట్టుదల యెట్టిదో మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ పూర్వదినములలో కలకత్తా లీగు మొదలగుటకు ముందు, ఆటగాండ్రు తాము ఏ జట్టున చేరుదురో సంఘ కార్యాలయమునకు వచ్చి చేవ్రాలు చేయవలసి యుండెను. పోటీలకన్న ఆ దినములే అభిమానులకు ఎక్కువ ఆతురతతో గడచెడివి. ఒక క్లబ్బువారు మాట పుచ్చుకొన్న ఆటగానిని రెండవ క్లబ్బువారు తన్నుకొనిపోకుండ, చేవ్రాలు ముగియువఱకు రహస్యస్థలమున దాచియుంచుటయు కలదు. పెండ్లికొడుకును విడిదినుండి కదలనీయక కాపుకాయుటవంటిది ఆ తంతు.

ఈ పద్ధతివలన ఫలము రాకపోలేదు. మహమ్మదన్ స్పోర్టింగువారు బెంగాలు వెలుపలి ఆటగాండ్రను సమకూర్చుకొని 1934లో కలకత్తా లీగును గెలిచిరి. అంతకుమున్ను ఏ భారతీయ క్లబ్బునకును ఆ గెలుపు దక్కలేదు. పిదప 1938 వఱకు వరుసగ ఐదేండ్లు దానిని విడువలేదు. ఈస్ట్ బెంగాల్‌వారు దక్షిణదేశమునుండి ధనరాజ్, వేంకటేశ్, అప్పారావు, అహమ్మద్ ఖాన్, సాలే యను ఐదుగురిని ముందువరుసన నిలిపి 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగ షీల్డు గెలిచిరి. బెంగాలీలు ఆ యైదుగురికి పంచపాండవులని బిరుదిచ్చిరి. తమ దేశమువారు కాని వారికి ఇట్టి పేరు పెట్టుకొని నెత్తి కెత్తుకొనుట ఆ ప్రజల రసజ్ఞతకు గుఱుతు.

ఇక పెంచుకొను పద్ధతి హైదరాబాదుది. అచ్చటి నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు ఐదేండ్లు వరుసగ బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేర 1961లోను గెలిచెను. కలకత్తా మహాజట్లు ఈ రక్షకభటుల ముందు తలవంచవలసివచ్చెను.

దీనికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో జన్మించెను, ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రుడు, వృత్తిచేత బడిపంతులు. 1943 నుండి మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగ నుండెను. 1950లో పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. జట్టున కొఱత యేర్పడినప్పుడు ఆయన చూపు పరదేశపు ఆటగానిపై పడలేదు. బడిపిల్లల వంక చూచెను.

ఆయన చేసిన యేర్పాటులు వినదగినవి. ఆ కాలమున మన ఆటగానికి బంతి దొరకినచో దానిని తానే త్రిప్పుకొనుచు పోవుట గొప్పయని తలంపు. రహీం సాహెబు, బంతిని తనయొద్ద నిలుపుకొనరాదు, వెంటనే తోడివాని కందీయవలెనను నియమముతో ప్రత్యేకముగ పోటీలు నడిపించెను. కుడికాలు వాటముగలవాడు ఎడమకాలితోనే, ఎడమకాలు వాటముగలవాడు కుడికాలితోనే తన్నవలెనను పోటీలను కూడ పెట్టించెను. ఎవనికి ఏది లోపమో అదియే ఆటకు నియమ మయ్యెను. లోపమును దాచి గెలుచుట కంటె, లోపమును బయటికి లాగి ఆటలో ఓడినను నేర్చుకొనుట మేలని ఆ పంతులు ఎఱిగినవాడు.

సికిందరాబాదు సమీపమున అమ్ముగూడ యను గ్రామమునుండి తులసీదాస్ బలరాం అను పేదపిల్లవాడు ఆయన కంటబడెను. దినదినము హైదరాబాదు వచ్చి అభ్యాసము చేయుటకు ఆ బాలునియొద్ద దారిఖర్చు లేదు. రహీం సాహెబు అద్దె సైకిలునకు తానే పైకము నిచ్చి రప్పించెను. ఆ బాలుడే మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు పోయెను. 1960లో రోము నగరమున హంగరీ వంటి గొప్పజట్టుపై గోలు చేసెను.

ఆటలేని కాలమును వినియోగించుట యనగా నేమో దేశమంతటికి తెలిసిన సందర్భము వేఱొకటి యున్నది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మన జట్టు యుగోస్లావియా చేత 10–1గా ఓడెను. చలిదేశమున మనవారు పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. ఇంటికి వచ్చిన పిదప, అదృష్టమును నిందించుచు కూర్చుండలేదు. బూట్లు తొడిగికొని ఆడుట నియమముగ చేసిరి, అభ్యాసము మార్చిరి. నాలుగేండ్లకు ఫలము కనబడెను.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మవతరించినది. అంతవఱకు నైజాము రాజధాని జట్టుగ నున్నది, ఆ దినమునుండి గోదావరి తీరమువారికిని సొంత జట్టయ్యెను. ఆ నెలలోనే మెల్బోర్న్ క్రీడలు మొదలైనవి. డిసెంబరు 1న రహీం సాహెబు శిక్షణలోని భారతజట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2గా ఓడించెను. ఒలింపిక్ బంతాటలో తుది నాలుగు జట్లలో నిలిచిన మొదటి ఆసియా దేశము మనదే. యుగోస్లావియాతోను బల్గేరియాతోను ఓడి నాలుగవ స్థానము పొందితిమి. ఆ జట్టున నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదు బిడ్డలు పలువురుండిరి. ఆ దినములలోనే 1956–57, 1957–58 సంవత్సరములకు రాష్ట్రముల పోటీయగు సంతోష్ ట్రోఫీ వరుసగ రెండుమార్లు హైదరాబాదునకు వచ్చెను.

1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలు రహీం సాహెబు కడపటి యజ్ఞము. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల పుట్టకురుపు సోకియుండెను. వెనుకవరుస యోధుడైన జర్నైల్ సింగునకు తలపై గాయము తగిలి కుట్లు పడగా, ఆయన అతనిని ముందువరుసకు మార్చెను. తుదియాటలో దక్షిణ కొరియాపై మనవారు చేసిన రెండు గోల్సులలో ఒకటి ఆ గాయపడినవానిదే. 2–1గా గెలిచి స్వర్ణపతకముతో తిరిగివచ్చిరి. జట్టున కొఱత పడినప్పుడు ఉన్నవారినే చక్కదిద్దుకొనవచ్చునని దీనివలన తెలియుచున్నది. మరుసటి యేడు, 1963 జూన్ 11న, రహీం సాహెబు స్వర్గస్థుడయ్యెను.

ఇక కథలో చేదుభాగము. హైదరాబాదు పెంచిన మొక్కను కలకత్తా నాటుకొనుట అంతకుమున్నే ఆరంభమైనది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌నకు పోయెను. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే త్రోవ పట్టిరి. నయీముద్దీన్ 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కంచుపతకము పొందిన భారతజట్టునకు నాయకుడు. హబీబ్ 1977లో, పేలే ఆడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ పక్షమున గోలు చేసెను. వీరిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఆట బలము యౌవనముతోడనే పోవును. ఆ కొలది యేండ్లలోనే సంసారమునకు దారి చూచుకొనవలెను. ఎచ్చట గౌరవమును జీవనమును లభించునో అచ్చటికి పోవుట మానవధర్మము.

పంట అమ్ముకొనుట రైతునకు దోషము కాదు. విత్తనపు గాదెను కూడ ఊడ్చి అమ్ముకొనుట దోషము. రహీం సాహెబు బ్రదికియున్నంతవఱకు ఎందరు పోయినను వెనుక ఆకుమడి పచ్చగనే యుండెను. ఆయన పోయిన పిదప ఆ మడిని తడుపువారు తగ్గిరి. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినది. అది పాతవిత్తనపు కడపటి కోత. ఆ తరువాత ఆ గెలుపు తెలుగుజట్టునకు దక్కలేదు.

ఇటీవలి చరిత్రయు ఇదే పాఠమును వేఱు మాటలలో చెప్పుచున్నది. 2019లో హైదరాబాదు పేర నొక క్లబ్బు వెలసెను. స్పెయిను దేశపు శిక్షకుని, నైజీరియా దేశపు గోలువీరుడు ఒగ్బెచేను తెచ్చుకొని, 2022 మార్చి 20న కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగును గెలిచెను. జనులు మిక్కిలి సంతసించిరి. కాని అది తెచ్చి నాటిన చెట్టు. జీతముల చిక్కులు రాగా ఆటగాండ్రు ఎవరిదారి వారు పోయిరి. 2023–24లో క్లబ్బు అన్నిటికంటె క్రింది స్థానమున నిలిచెను. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. బిరుదు గెలిచిన నాలుగేండ్లలోపల అది మన ఊరిది కాకపోయెను. పోలీసు జట్టువారికి ఇంతటి ధనము లేదు. ఐనను పది పండ్రెండేండ్లు వారి కీర్తి చెక్కుచెదరలేదు. రెంటికిని భేదమేమో పెద్దలు యోచింపవలెను.

కొని తెచ్చుట పనికిరాదని నా మనవి కాదు. కలకత్తావారు కొనియే గొప్పవారైరి. కాని వారికి వేలకొలది అభిమానుల పట్టుదల యను వేరున్నది. ఒక యేడు తప్పినను మరుసటి యేడు నిలబడగలరు. వేరు లేనిచోట కొనితెచ్చిన కొమ్మ వాడకమానదు.

మన పల్లెలలో చెడుగుడు జట్టైనను, వాలీబాలు జట్టైనను, బడిపిల్లల బంతాట యైనను, వాదము వచ్చినప్పుడు "వచ్చు ఏడు ఎవరిని తెత్తము?" అను ప్రశ్న ముందు పుట్టుచున్నది. దానికి ముందుగ మఱి రెండు ప్రశ్నలు అడుగుట మంచిది. ఈ వేసవిలో పండ్రెండేండ్ల పిల్లలకు ఎవరు నేర్పుచున్నారు? వారు ఆడుకొను జాగా ఊరిలో మిగిలియున్నదా? పందెములనాడు వేదికపై కూర్చుండి బహుమతు లీయగల పెద్దలు మనకు కొల్లలుగ నున్నారు. ఆటలేని నెలలలో ఒక పేదపిల్లవాని సైకిలు అద్దె తాను పెట్టుకొను పెద్ద ఊరికొక్కడున్నచో చాలును. రహీం సాహెబు పెట్టుబడి మొదట అంతమాత్రమే.