ఆరు బోల్టుల కథ

పోయినేడు ఒక శనివారం పొద్దున్నే మా పక్కింటి పెద్దాయన తలుపు తట్టి, "నువ్వు కంప్యూటర్ల వాడివి కదా, ఓసారి మా గరాజుకి వస్తావా?" అన్నారు. ప్రింటరో వైఫైయో మొరాయించి ఉంటుందనుకుని చెప్పులేసుకుని వెళ్ళా. తీరా చూస్తే అక్కడున్నది 1970 నాటి షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు. బానెట్టు ఊడదీసి గోడకి ఆనించి ఉంది. లోపలి ఇంజను మాత్రం 1970ది కాదు, గుద్దుకుని తుక్కుకెళ్ళిన 2003 సిల్వరాడో లోంచి పీకి తెచ్చిన 5.3 లీటర్ల వీ8. తాళం తిప్పితే అందుకుంటోంది, రెండు సెకన్లు ఆడి టప్పున ఆగిపోతోంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అదే వరస.

దాని రోగమేంటో తర్వాత చెప్తాను. ముందు నన్ను ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. ఆ ట్రక్కు వాళ్ళ నాన్న కొత్తగా కొన్నది. అప్పుడు అందులో ఆరు సిలిండర్ల ఇంజను ఉండేదట. అది అరిగిపోయాక, 1980లలో ఆ తండ్రే ఇంట్లో కూర్చుని దాన్ని తీసేసి 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజనూ, దానికి తగిన టర్బో 350 గేర్‌బాక్సూ బిగించాడు. ఇప్పుడు కొడుకు ఆ 350ని దించి ఈ 5.3 పెడుతున్నారు. గేర్‌బాక్సు మాత్రం మార్చలేదు, నాన్న పెట్టిందే ఉంచారు. 1969లో వచ్చిన డిజైను గేర్‌బాక్సుకి 2003 ఇంజను తగిలించారన్నమాట, నేరుగా, బోల్టులతో!

మూడేళ్ళ కిందటి కోడుకి కొత్త లైబ్రరీ తగిలిస్తే బిల్డు బ్రేకయ్యే వృత్తిలో ఉన్నవాణ్ణి. నాకిది మింగుడు పడలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలెడితే నెల రోజులు పట్టింది. ఆ చదివిందే ఇది.

ఇంజను మార్చడమనే పిచ్చి అమెరికాలో ఫోర్డుతో మొదలయిందని చెప్పుకోవచ్చు. 1932లో ఫోర్డు, మామూలు జనం కొనగలిగే ధరలో వీ8 ఇంజనున్న కారు తెచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 గుర్రాల బలం. కొన్నేళ్ళకి ఆ కార్లు గుద్దుకుని తుక్కు కొట్లకి చేరాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు ఆ ఇంజన్లు చవగ్గా కొని, అంతకన్నా పాతవీ తేలికవీ అయిన మోడల్ ఏ కార్లలో కూర్చోబెట్టి, మ్యురాక్ లాంటి ఎండిన సరస్సుల మీద పందేలు వేశారు. వాటినే హాట్ రాడ్‌లన్నారు. 1948 జనవరిలో హాట్ రాడ్ అనే పత్రిక కూడా వచ్చేసింది. ఆ లోకమంతా ఫోర్డుమయం. షెవ్రొలే అంటే ముసలాళ్ళు నడిపే బండి అని పేరు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఘట్టం. జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజనీరు 1953లో జనరల్ మోటార్స్‌లో చేరాడు. చేరిన ఏడు నెలలకే, డిసెంబర్‌లో, పైవాళ్ళకి ఒక లేఖ రాశాడు. విషయం: కుర్రకారు, హాట్ రాడ్డర్లు, షెవ్రొలే. సారాంశం ఏమిటంటే, ఈ పత్రికలు చదివే పిల్లలు ఫోర్డులతో పెరుగుతున్నారు, రేపు డబ్బులొచ్చాక ఫోర్డులే కొంటారు. మన కొత్త వీ8 ఎంత మంచిదైనా వాళ్ళు దాని మీద చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది. అంచేత వేడి కామ్‌షాఫ్టులూ మిగతా విడి భాగాలూ మనమే తయారు చేసి వాళ్ళ చేతికందిద్దాం అని.

కొత్తగా చేరిన ఉద్యోగి ఇలాంటి మెయిలు పైకి పంపితే మన ఆఫీసుల్లో ఏమవుతుందో మీకు తెలుసు :-). అక్కడ మాత్రం విన్నారు. ఎడ్ కోల్ చీఫ్ ఇంజనీరుగా ఉండి తయారు చేయించిన స్మాల్ బ్లాక్ వీ8 1955 మోడళ్ళలో వచ్చింది. 265 క్యూబిక్ అంగుళాలు, 162 గుర్రాలు. వాళ్ళ పాత ఆరు సిలిండర్ల ఇంజను కన్నా తేలిక. అదే ఏడు పికప్ ట్రక్కుల్లోనూ ఇచ్చారు. దాని మీద కామ్‌షాఫ్టులు, మానిఫోల్డులు, పిస్టన్లు తయారు చేసి అమ్ముకునే చిన్న చిన్న వ్యాపారాలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1963 నాటికి ఆ తయారీదార్లంతా కలిసి సెమా అనే సంఘం పెట్టుకునేంత.

ఇక ఆ ఆరు బోల్టుల సంగతి. ఇంజను వెనక వైపున గేర్‌బాక్సుని పట్టుకునే గంట ఆకారపు భాగం ఉంటుంది, బెల్‌హౌసింగ్ అంటారు. 1955 ఇంజనుకి అక్కడ ఆరు బోల్టు రంధ్రాలూ, సరిగ్గా కూర్చోబెట్టడానికి రెండు డోవెల్ పిన్నులూ పెట్టారు. తర్వాత షెవ్రొలే 283 చేసింది, 327 చేసింది, 1967లో 350 చేసింది. ఆ ఆరు రంధ్రాల చోటు మారలేదు. 1965లో పూర్తిగా వేరే డిజైనుతో బిగ్ బ్లాక్ చేసింది, దానికీ అవే ఆరు. 1960లలో కొత్తగా తీసుకొచ్చిన ఆరు సిలిండర్ల ఇంజను వీ8 కూడా కాదు, అయినా అవే ఆరు. మా పెద్దాయన నాన్న ఇంట్లో కూర్చుని 350 బిగించగలిగాడంటే గొప్ప వర్కుషాపుండి కాదు. షెడ్డూ, ఒక చైన్ పుల్లీ, ఈ ఆరు బోల్టులూ, అంతే.

ఫోర్డు వైపు ఈ సుఖం లేదు. ఒక్కో ఇంజను కుటుంబానికి ఒక్కో అమరిక. 1990లలో వచ్చిన వాళ్ళ 4.6 లీటర్ల వీ8లో కామ్‌షాఫ్టులు సిలిండర్ హెడ్ల మీదికెక్కాయి. ఇంజను మంచిదే, కానీ అడ్డంగా ఎంత వెడల్పంటే పాత బండి బానెట్టు కింద పట్టించాలంటే ప్రాణం మీదికొస్తుంది. పాత ఫోర్డు ట్రక్కుల్లో కూడా షెవ్రొలే ఇంజన్లు పెట్టేసుకుంటున్నారంటే కారణం ఇదే. ఫోర్డు అభిమానులకి మాత్రం అది మహాపాతకం.

1997లో జనరల్ మోటార్స్ కొత్త తరం ఇంజను తెచ్చింది, కార్వెట్‌లో ఎల్ఎస్1. 5.7 లీటర్లు, 345 గుర్రాలు. పాత స్మాల్ బ్లాకుతో పోలిస్తే దాదాపు అన్నీ మార్చేశారు. డిస్ట్రిబ్యూటర్ పోయింది, సిలిండర్‌కో కాయిల్ వచ్చింది. సిలిండర్లు మండే వరస కూడా మారింది: పాతది 18436572, కొత్తది 18726543. కార్బ్యురేటర్ పని ఎప్పుడో ఇంజెక్టర్లకి పోయింది. అయినా కామ్‌షాఫ్టుని పైకెక్కించకుండా పాతకాలం పుష్‌రాడ్లనే ఉంచారు. జపాను వాళ్ళని చూసి నేర్చుకోలేదని అప్పట్లో వెక్కిరించినవాళ్ళున్నారు. ఆ పుష్‌రాడ్ల వల్లే అది పొట్టిగా ఇరుకుగా ఉండి ఏ బండిలోనైనా పడుతుంది. సిలిండర్ల మధ్య దూరం 1955లో 4.4 అంగుళాలు, ఎల్ఎస్‌లోనూ 4.4 అంగుళాలే. ఇంక ఆరు బోల్టుల్లో ఐదు పాత చోటే! ఒకటి పోయింది. క్రాంక్ చివర కూడా 0.4 అంగుళం ముందుకి జరిగింది, పాత గేర్‌బాక్సుకి మధ్యలో ఒక స్పేసర్ పెట్టాలి. మన భాషలో చెప్పాలంటే వెర్షన్ మారినా ఒక చిన్న రాపర్‌తో పని జరిగిపోతుంది.

1999 నుంచి ఇదే కుటుంబం ఇంజన్లు 4.8, 5.3, 6.0 లీటర్ల సైజుల్లో ట్రక్కుల్లోకి వచ్చాయి. ట్రక్కులు లక్షల్లో అమ్ముడయ్యాయి, లక్షల్లో అమ్ముడైనవి వేలల్లో గుద్దుకుంటాయి. మళ్ళీ తుక్కు కొట్లు నిండాయి. 1932 కథే తిరిగొచ్చింది.

మనవాళ్ళకి ఈ విద్య కొత్తేం కాదు. మా చిన్నప్పుడు మా పెదనాన్న పెట్రోలు జీపుకి డీజిలు ఇంజను వేయించడానికి విజయవాడ ఆటోనగర్‌లో వారం రోజులు మకాం వేశాడు. మౌంటింగులు అక్కడికక్కడే వెల్డింగ్ చేసి కూర్చోబెట్టారు. కాకపోతే మనకది సరదా కాదు, పెట్రోలు ఖర్చు. ఇప్పుడైతే అదీ అంత తేలిక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇక్కడ రాష్ట్రానికో రూలు. పొగ విషయంలో మహా కఠినమైన కాలిఫోర్నియాలో కూడా 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బళ్ళకి పొగ పరీక్ష లేదు. 1967-72 మధ్య సీ10లకి అంత గిరాకీ ఉండటానికి అందంతో పాటు ఇదీ ఒక కారణమని నా అనుమానం.

అన్నట్టు, ఇంజను మారిస్తే పనైపోయిందనుకునేరు. అసలు పనంతా చుట్టూ ఉంది. 1970 సీ10కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, ముందు డిస్కులు 1971 నుంచి వచ్చాయి. బలం పెంచి బ్రేకులు పెంచకపోతే చావుకి తెచ్చుకున్నట్టే. పెద్దాయన బుద్ధిమంతుడు, బ్రేకులు ముందు మార్చాకే ఇంజను జోలికెళ్ళారు. ఇంకో భయంకరమైన సంగతి, ఆ కాలపు ట్రక్కులో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉండేది! మనిషి వీపుకి ఆనుకుని డెబ్భై ఎనభై లీటర్ల పెట్రోలన్నమాట. ఆయన దాన్ని తీసేసి వెనక బెడ్డు కింద కొత్తది పెట్టారు. కార్బ్యురేటర్‌కి ఐదారు పీఎస్ఐ ఒత్తిడి చాలు, ఈ ఇంజెక్టర్లకి 58 కావాలి. దానికి జనం కనిపెట్టిన చిట్కా చూడండి: 1999 కార్వెట్ పెట్రోలు ఫిల్టర్‌లో రెగ్యులేటర్ లోపలే ఉంటుంది, సరిగ్గా 58 దగ్గర. మామూలు విడి భాగాల కొట్లో దొరుకుతుంది. అది కొనుక్కొచ్చి తగిలిస్తే చాలు.

ఇప్పుడా రోగం దగ్గరకొద్దాం.

2003 ట్రక్కులో దొంగతనం జరక్కుండా ఒక ఏర్పాటుంటుంది. తాళం దగ్గర నుంచి సరైన సంకేతం రాకపోతే ఇంజను కంప్యూటరు ఇంజెక్టర్లని ఆపేస్తుంది. పెద్దాయన తెచ్చింది ఇంజనూ, వైర్లూ, కంప్యూటరూ. తాళం తుక్కు కొట్లోనే ఉండిపోయింది. కంప్యూటరు దృష్టిలో ఆయన దొంగ! అందుకే రెండు సెకన్లు ఆడనిచ్చి గొంతు నొక్కేస్తోంది. జీవితమంతా ఇంజన్లతో గడిపిన మనిషికి ఇది ఎలా తడుతుంది? రెంచి పెట్టి తిప్పడానికి ఏమీ లేదక్కడ, ఒక బిట్టు తప్ప.

బోల్టులైతే ఎవరైనా కొలుచుకోవచ్చు. కంప్యూటరు లోపలి పట్టికలని ఎలా కొలుస్తారు? కంపెనీ ఎవరికీ చెప్పలేదు. ఔత్సాహికులే ఆ మెమరీని బయటికి లాగి, ఏ చిరునామాలో పెట్రోలు పట్టిక ఉంది, ఏ చోట ఆ దొంగల తాళం ఉంది అని ఒక్కొక్కటే కనిపెట్టారు. ఎల్ఎస్1-ఎడిట్ అనే ప్రోగ్రాము, తర్వాత హెచ్‌పీ ట్యూనర్స్, న్యూజీలాండ్ నుంచి ఈఎఫ్ఐలైవ్, ఇవన్నీ అలా వచ్చినవే. ఇంకోవైపు బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు మెగాస్క్వర్ట్ అని ఎవరికి వాళ్ళు సోల్డర్ చేసుకునే ఇంజను కంప్యూటరునే తయారు చేసిపెట్టారు. డంటోవ్ 1953లో కంపెనీ చేత చేయించాలనుకున్న పని, ఈసారి కంపెనీతో సంబంధం లేకుండా జనం చేసుకున్నారు.

ఇది చట్టబద్ధమా అన్న ప్రశ్న చాలా ఏళ్ళు తేలలేదు. 1998 డీఎంసీఏ చట్టం ప్రకారం సాఫ్టువేరు తాళం విప్పడమే తప్పు. సినిమా డిస్కుల కోసం చేసిన చట్టం ట్రాక్టరు దాకా పాకింది. 2015లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బళ్ళ యజమానులకి మినహాయింపు ఇచ్చే ముందు విచారణ జరిగితే, జనరల్ మోటార్స్, జాన్ డీర్ రెండూ వద్దన్నాయి. ట్రాక్టరు కొన్నవాడికి అందులోని సాఫ్టువేరు మీద ఉన్నది వాడుకునే అనుమతి మాత్రమే అని జాన్ డీర్ వాదన. చివరికి మరమ్మతుకీ, చట్టబద్ధమైన మార్పులకీ మినహాయింపు వచ్చింది, అమలు ఇంకో ఏడాది ఆగాక. ఆ వాదనలు చదువుతుంటే నాకు కొంచెం సిగ్గేసింది. రోజూ ఆఫీసులో నేను రాసే లైసెన్సు చెక్కులు ఆ కోవలోవే. అవతల తాళం తిప్పుతున్న మనిషెవరో నేనెప్పుడూ ఆలోచించలేదు.

కొత్త బళ్ళలో తాళాలు ఇంకా గట్టివి. 2020 కార్వెట్‌తో వచ్చిన కంప్యూటరు ట్యూనర్లకి చాలా కాలం కొరకరాని కొయ్యయింది. మరోపక్క ఎలక్ట్రిక్ ముచ్చట. 2020లో షెవ్రొలే వాళ్ళే 1977 బ్లేజర్‌లోంచి వీ8 తీసేసి బోల్ట్ కారు మోటారు పెట్టి చూపించారు, దాని వెనక మామూలు నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సే. ఫోర్డు 2021లో 1978 ఎఫ్-100ని ఎలక్ట్రిక్ చేసి చూపించింది, విడి మోటారు 3,900 డాలర్లకి అమ్మింది కూడా. బ్యాటరీ, ఇన్వర్టరు మాత్రం ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి.

సరే, ఆ శనివారం లాప్‌టాప్ తెచ్చి, బండి చొప్పున లైసెన్సు అమ్మే ఆ సాఫ్టువేరు ఒకటి కొని, కంప్యూటరు చదివి, ఆ తాళం ఉన్న చోట టిక్కు తీసేసి మళ్ళీ రాశాను. రాస్తున్నంతసేపూ బ్యాటరీ దిగిపోతే కంప్యూటరు శాశ్వతంగా చస్తుందని నాకు చెమటలు. ఏడెనిమిది నిమిషాలు. తర్వాత పెద్దాయన తాళం తిప్పారు. రెండు సెకన్లు గడిచాయి, పది గడిచాయి, ఆగలేదు. ఆయన ఏమీ అనలేదు, కాసేపు ఫెండరు మీద చెయ్యేసి నిలబడ్డారంతే.

పాత 350ని పారేయలేదు. నూనె పూసి, టార్పాలిన్ చుట్టి షెడ్డులో పెట్టారు. "కంపెనీ ఇచ్చిన ఇంజనా?" అని మా ఇంకో పక్కింటాయన అడిగితే "కాదు, నాన్న ఇచ్చింది" అన్నారు. ట్రక్కు గ్లవ్‌బాక్సులో వాళ్ళ నాన్న రాసుకున్న చిన్న పుస్తకం ఒకటి ఉంది. ఏ రోజు నూనె మార్చాడు, ఏ ప్లగ్గు వేశాడు, పెన్సిలుతో, అన్నీ తేదీలతో సహా. ఆ సాయంత్రం పెద్దాయన ఆ పుస్తకం నా చేతికిచ్చి, నువ్వు మార్చిందేమిటో ఇందులో రాయి అన్నారు. ఆ ఫైలు పేరూ, తేదీ, "దొంగల తాళం తీసేశాను" అని రాసి కింద సంతకం పెట్టాను. ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే దాన్ని ఆ పుస్తకం అట్టకి టేపుతో అంటించారు.