పొగ మానితే ఒళ్ళొస్తుందా? ధూమపానం, దేహభారం మధ్య జన్యు, ప్రవర్తనా బంధాలు: చాట్రాయి నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

పొగ తాగేవారు సగటున సన్నగా ఉంటారు, మానేశాక ఒళ్ళు చేస్తారు. బరువు ఎక్కువగా ఉండటమే కొందరిని పొగ వైపు నెడుతుందని జన్యు పరిశోధనలు చూపాయి. ఈ రెండు వైపులా నడిచే బంధాన్ని పరిశీలించి, పొగ మానే వ్యక్తికి బరువు గురించి ముందే చెప్పడం చికిత్సలో భాగం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పీఠిక

చాట్రాయి నూజివీడు మామిడి సీమలోని మండలం. 2022 పునర్విభజనలో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఇదే జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ఉన్నాయి. మామిడి కోతల్లో అన్నం వేళ దాటిపోయిన కూలీకి ఒక బీడీ కాసేపు ఆకలి తెలియనివ్వదు. ఈ అనుభవానికి శాస్త్రంలో ఆధారం ఉంది.

ఆకలి ఎలా అణుగుతుంది?

2011లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగాలను ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. మెదడులోని హైపోథాలమస్‌లో తిండి చాలనిపించే నాడీకణాలను నికోటిన్ ప్రేరేపిస్తుందని, అందుకే ఎలుకలు తక్కువ తిన్నాయని తేలింది. నికోటిన్ శరీరం ఖర్చు చేసే శక్తిని కూడా కొంత పెంచుతుంది. పొగ మానితే ఈ రెండు ప్రభావాలూ పోతాయి. ఆకలి తిరిగొస్తుంది, నోటికి రుచి తెలుస్తుంది, బీడీ వెలిగించే వేళకు చేయి చిరుతిండి వైపు పోతుంది.

జన్యువుల సాక్ష్యం

15వ క్రోమోజోము మీద నికోటిన్ గ్రాహకాలను తయారుచేసే జన్యువుల గుంపు ఒకటి ఉంది. అందులోని ఒక భేదం ఉన్న ధూమపాయులు రోజుకు ఎక్కువ సిగరెట్లు కాలుస్తారని 2008లో రుజువైంది. 2014లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ మరో విషయం బయటపెట్టింది. ఆ భేదం ఉన్న ధూమపాయుల్లో బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు సూచిక) తక్కువగా ఉంది. ఎన్నడూ పొగ తాగనివారిలో మాత్రం స్వల్పంగా ఎక్కువగా ఉంది. అంటే ధూమపాయులను సన్నబరిచింది పొగే తప్ప ఆ జన్యువు కాదు.

ఇక రెండో దిశ. పుట్టుకతో వచ్చిన జన్యు భేదాలను ఆదాయమూ అలవాట్లూ మార్చలేవు. కాబట్టి వాటి ఆధారంగా ఏది కారణమో, ఏది ఫలితమో వేరు చేయవచ్చు. బ్రిటన్ బయోబ్యాంకులోని లక్షల మంది వివరాలతో 2018లో ఈ పద్ధతిలోనే చేసిన అధ్యయనంలో, బరువు పెంచే జన్యు భేదాలు ఎక్కువగా ఉన్నవారికి పొగ అలవాటయ్యే అవకాశమూ, రోజుకు కాల్చే సిగరెట్ల సంఖ్యా ఎక్కువని తేలింది. అయితే ఈ అధ్యయనాలన్నీ ప్రధానంగా ఐరోపా మూలాలవారివి. వాటి అంకెలను తెలుగువారికి యథాతథంగా వర్తింపజేయలేం.

బక్కతనం ఆరోగ్యమా?

భారతీయ దేహం విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’లో తమ ఇద్దరి కొలతలనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యాజ్ఞిక్ ఒంట్లో కొవ్వు 21.2 శాతం, యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం. బీఎంఐ ఒకటే అయినా లోపలి కొవ్వు వేరు. పైగా పొగ తాగేవారికి బరువు తక్కువున్నా, ఆ బరువుకు తగినదానికంటే నడుము దగ్గర కొవ్వు ఎక్కువ చేరే ధోరణి ఉంది. బీడీ ఇచ్చే బక్కతనాన్ని ఆరోగ్యం అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

మానేశాక

2012లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మందుల సాయం లేకుండా పొగ మానినవారికి ఏడాదిలో సగటున 4.7 కిలోలు పెరిగాయి. అందులో సగానికి పైగా మొదటి మూడు నెలల్లోనే. అయినా సుమారు 16 శాతం మంది బరువు తగ్గారు. 2018లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన అధ్యయనంలో, మానాక బరువు పెరిగినవారికి మధుమేహ ముప్పు కొన్నేళ్ళపాటు హెచ్చింది. కానీ పొగ మానడం వల్ల ఆయుష్షుకు కలిగిన మేలు మాత్రం చెక్కుచెదరలేదు.

ముగింపు

బరువు పెరుగుతుందని ముందే తెలిసిన మనిషి మూడో నెలలో తూకం చూసి బెదిరి మళ్ళీ బీడీ ముట్టించడు. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పొగ మానమని చెప్పే నోటితోనే ఈ మాటా చెప్పాలి. తూకంతో పాటు నడుము కొలత రాయాలి. మామిడి రోజుల్లో మానేవారు రసాలు తినకూడదని కాదు, భోజనం మీద అదనంగా కాక భోజనపు లెక్కలోనే తినాలి. జాతీయ పొగాకు విరమణ సహాయ సంఖ్య 1800-11-2356 ఉచితం. ఇక పరిశోధన సంగతి. జాతీయ పోషకాహార సంస్థ 1987–90లో హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో మొదలుపెట్టిన పోషకాహార ప్రయోగం తరాల అధ్యయనంగా ఎదిగింది. అలాంటి కృషి మామిడి, పొగాకు పల్లెల్లోనూ జరిగితేనే మన జన్యువుల గురించి మన దగ్గర మన లెక్కలుంటాయి.