గొట్టపు అతుకు - గృహస్థుని చేతిపని

ఇంటిలో కుళాయి కారుచున్నచో దానిని మనమే బాగుచేసికొనవచ్చునా, లేక కూలి ఇచ్చి పనివానిని పిలువవలెనా? ఈ ప్రశ్న నేటిది కాదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథములో సీసపు గొట్టములకంటె మట్టి గొట్టములే మేలని వ్రాసెను. అందుకు రెండు కారణములు చూపెను. మట్టి గొట్టము పాడైనచో దానిని ఎవరైనను బాగుచేయగలరు. దానిలో వచ్చు నీరు ఆరోగ్యకరము. సీసపు పనివారి ముఖములు పాలిపోయి యుండుటను గూడ ఆయన గమనించెను.

అయినను ఐరోపాలో అనేక శతాబ్దములు సీసపు గొట్టములే వాడుకలో నుండెను. సీసము మెత్తనిది, సులభముగా వంగును, 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. ‘ప్లంబరు’ అను పేరు గూడ సీసమునకు లాటిను పేరైన ‘ప్లంబం’ నుండి వచ్చినదే. కాని సీసపు గొట్టములను అతుకుట కష్టము. సీసము, తగరము కలిసిన టంకమును కరిగించి అతుకుపై పోసి, అది ముద్దగా నున్నప్పుడే గుడ్డతో చుట్టును తుడిచి నునుపు చేయవలెను. వేడి హెచ్చినచో గొట్టమే కరగిపోవును. చాలకాలము శిష్యరికము చేసినగాని ఈ పని పట్టుబడదు. కాబట్టి గృహస్థునకు పనివాడే దిక్కు.

ఇనుప గొట్టములు, మరచుట్లు వచ్చిన పిమ్మట ఈ స్థితి మారసాగెను. మొదట ఒక్కొక్క కర్మాగారము తనకు తోచిన కొలతతో మరలు కోయుచుండెను. 1841లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ అన్నిటికిని ఒకే ప్రమాణమును, 55 డిగ్రీల మరకోణమును ప్రతిపాదించెను. బ్రిటిషు గొట్టపు మరలకు ఆ కోణమే ఆధారమయ్యెను. మనదేశములో అమ్ము అరంగుళపు కుళాయిలకును అదే మర. దానికి అంగుళమునకు 14 చుట్లుండును. కొలిచి చూచినచో మర వెలుపలి వ్యాసము సుమారు 21 మిల్లీమీటర్లు! అరంగుళమనునది పూర్వపు ఇనుప గొట్టపు లోపలి వ్యాసమును బట్టి వచ్చిన పేరు. ఇది తెలియనివారు అంగడిలో తికమకపడుదురు.

1845లో రాథర్‌హామ్ పట్టణమున గెస్ట్, క్రైమ్స్ అనువారి సంస్థ మర త్రిప్పి మూయు కుళాయిని వెలువరించెను. ఇందులో ముఖ్యముగా అరుగునది చిన్న వాషరు మాత్రమే. వాల్వు మూసి, గొట్టములోని నీరు పోనిచ్చి, కుళాయి పైమరను స్పానరుతో విప్పి, అదే కొలత గల క్రొత్త వాషరు అమర్చినచో చాలును. సెకనుకు ఒక్క చుక్క కారినను, మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన, దినమునకు 4 లీటర్లకు పైగా నీరు వ్యర్థమగును.

1872లో జర్మను శాస్త్రజ్ఞుడు బౌమన్ పాలివినైల్ క్లోరైడును గుర్తించెను. 1930 తరువాతి దశకములో జర్మనీలో దానితో గొట్టములు తయారైనవి. వీటి అతుకునకు నిప్పు అక్కరలేదు. ద్రావక జిగురు రెండు తలములను కొంత కరగించును. వాటి అణుశృంఖలములు ఒకదానిలో నొకటి చొచ్చుకొనును. ద్రావకము ఆవిరికాగా రెండును ఒక్కటగును. అందుచేతనే ఈ అతుకును మరల విప్పుట సాధ్యము కాదు. జిగురు పూయక మునుపే ముక్కలను కూర్చి సరిచూచుకొనినచో ఖర్చు తగ్గును. ఈ ప్లాస్టిక్కు వేడికి మెత్తబడును గనుక వేడినీటికి సాధారణ పి.వి.సి. గొట్టము తగదు.

పనివాని నేర్పులో కొంత భాగము ఇప్పుడు కర్మాగారపు కొలతలలోనికిని, జిగురు డబ్బాలోనికిని చేరినది. అందువలన చిన్న మరమ్మతులు గృహస్థునకు అందుబాటులోనికి వచ్చినవి. గోడలోపలి గొట్టములకు, గ్యాసుతో పనిచేయు నీటి కాగులకు మాత్రము నేర్పరి అవసరము నేటికిని కలదు.