ఫ్రెడరిక్ విటేకరు చరిత్రము

మహాపురుషుల చరిత్రములను చదువుటవలని లాభము లోకవిదితమే. సామర్థ్యమును ధర్మమును ఒకచోట కలియనివారి చరిత్రములును మనకు తక్కువ యుపకారకములు గావని మేము తలంచుచున్నాము. అట్టివానిలో ఫ్రెడరిక్ విటేకరు చరిత్ర మొకటి.

ఇతడు 1812వ సంవత్సరమున ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డుషైరులో జన్మించి, సొలిసిటరు వృత్తి నభ్యసించెను. ఆ దేశమున పైకోర్టులలో వాదించువారు బారిస్టర్లు. దస్తావేజులు వ్రాయుట, ఆస్తివ్యవహారములు చక్కబెట్టుట సొలిసిటర్ల పని. ఈ విద్యయే మూలధనముగా నతడు 1840లో న్యూజీలాండు చేరెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 6వ తేదిని వైటాంగీయొద్ద ఆంగ్లప్రభుత్వమునకును మావోరీ నాయకులకును సంధి జరిగెను. మావోరీలు తామై యమ్మదలచిననే గాని వారి భూములు పరాధీనములు గావని యందు వాగ్దానము చేయబడెను.

విటేకరు ఆక్లండులో థామస్ రస్సెల్ అను సొలిసిటరుతో భాగస్వామియై మిక్కిలి పేరుగాంచెను. 1863 అక్టోబరులో ప్రధానమంత్రి యయ్యెను. రస్సెల్ ఆ మంత్రివర్గమున రక్షణమంత్రిగా నుండెను. అప్పటికి మూడునెలలనుండి వైకాటో ప్రాంతమున మావోరీలతో యుద్ధము జరుగుచుండెను.

ఆ డిసెంబరులో న్యూజీలాండు సెటిల్మెంట్సు చట్టము పుట్టెను. దాని పోకడ గమనింపదగినది. ఒక తెగలో చెప్పుకోదగినంతమంది తిరుగబడిరని గవర్నరు ప్రకటించినచో, ఆ ప్రాంతమున భూమిని వలసవారికై తీసికొనవచ్చును. తిరుగబడనివాని భూమియు పోవచ్చును. వానికి నష్టపరిహారము మాత్రము దొరకును. తిరుగబడినవానికి అదియు లేదు. వైకాటోలో నీవిధముగా సుమారు 12 లక్షల యెకరములు పోయెను. సంధిపత్రముపై నొక్క గీతయు గీయకయే సంధి నిష్ఫలమయ్యెను.

ఇది ఆంగ్లజాతి స్వభావమని కొందరనవచ్చును. మే మట్లు తలంపము. న్యూజీలాండు మొదటి ప్రధానన్యాయమూర్తియైన విలియం మార్టిన్ గూడ ఆంగ్లన్యాయవేత్తయే. అతడు ఐర్లండు చరిత్రమును జూపి, భూములు లాగికొన్నచో దేశమునకు శాంతి కలుగదని 1863లోనే హెచ్చరించెను. ఇరువురు చదివిన శాస్త్ర మొక్కటే. దాని నుపయోగించిన తెరవులు వేరు. గవర్నరు గ్రేయును ఎంత భూమి తీసికొనవలెనను విషయమున మంత్రులతో నేకీభవింపలేదు. 1864 నవంబరులో మంత్రివర్గము వైదొలగెను.

విటేకరు 1882లో మరల ప్రధానమంత్రి యయ్యెను. పరిహాకా గ్రామమున ఆయుధము పట్టక శాంతముగా ప్రతిఘటించిన తెఫీటీ, తోహు అను నాయకులను విచారణ లేకయే నిర్బంధమున నుంచుటకు ఆ యేటనే చట్టము చేయబడెను. 1919 నాటి రౌలటు చట్టము నెరిగిన మన చదువరులకు దీనిని వివరింపనక్కరలేదు. 1884లో అతనికి సర్ బిరుదము లభించెను, 1891లో మరణించెను.

అతడు పోయిన నూరేండ్లకు పైని, 1995లో, ప్రభుత్వము వైకాటో ప్రజలను క్షమాపణ వేడి, 17 కోట్ల డాలర్ల విలువగల భూమిని ధనమును ఇచ్చుటకు చట్టము చేసెను. ఎలిజబెత్తు రాణి స్వయముగా దానిపై సంతకము చేసెను. పోయినదానిలో నది యొక స్వల్పభాగము మాత్రమే.

మన యిండ్లలో పిల్లలను న్యాయశాస్త్రము చదివించుట గౌరవముగా నెంచుచున్నాము, అది మంచిదే. కాని చట్టము చేయువాడెవడు, దానివలన లాభమెవనికి, నష్టమెవనికి అని యడుగుట గూడ వారికి నేర్పవలెను. ఆ ప్రశ్న నాడు ఆక్లండు కచేరీలో నెవ్వరును అడుగకపోవుటచేతనే, వైకాటో ప్రజలు నూటముప్పదేండ్లు న్యాయమునకై వేచియుండవలసి వచ్చెను.