కారు వెనక ఉయ్యాల

కారులో ఏదో టకటకమంటోందని అందరికంటే ముందు కనిపెట్టేది ఎవరంటారు? స్టీరింగు పట్టుకున్న ఆయన మాత్రం కాదు. వెనకసీట్లో, ఒళ్లో పిల్లాణ్ణీ కాళ్లదగ్గర ఆవకాయ జాడీనీ పెట్టుకు కూచున్న ఇల్లాలు! "ఏమండీ, వెనకేదో చప్పుడవుతోంది" అంటుందామె. "డిక్కీలో జాకీ కదుల్తోందిలే" అంటారాయన. ఆ జాకీని గోనెసంచిలో చుట్టి పెట్టినా సరే, గతుకొచ్చినప్పుడల్లా టక్కుమంటూనే ఉంటుంది.

వెనకసీటు దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది మరి! అక్కడ జరిగే మంచీ చెడూ ముందుగా తెలిసేది దానిమీద కూచున్నవాళ్లకే. అసలు బండికి స్ప్రింగులు పుట్టిన కథంతా కూచున్నవాళ్ల నడుముల కథే.

మన ఎడ్లబండికి స్ప్రింగుల్లేవు. వరిగడ్డి మందంగా పరిచి, పైన దుప్పటి వేస్తే అదే స్ప్రింగు. ఐరోపాలో ప్రభువుల బళ్లకి తోలుపట్టీలు కట్టి, పెట్టెని వాటికి వేలాడదీసేవారు. హంగరీలో కోచ్ అనే ఊళ్లో అలాంటి మంచి బళ్లు చేసేవారట. ఆ ఊరిపేరే ఇంగ్లీషులోకెళ్లి 'కోచ్' అయింది. మనం రైల్లో ఎక్కే కోచ్ కూడా ఆ ఊరి బిడ్డే! అయితే తోలు సాగుతుంది, తెగుతుంది. బండి ఊగి ఊగి కడుపులో తిప్పుతుంది.

1804లో ఒబదయా ఎలియట్ అనే ఆయన లండన్‌లో ఒక పేటెంటు తీసుకున్నాడు. ఉక్కుపట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కాస్త వంచి, అలాంటి రెండు కట్టల్ని ఎదురెదురుగా కలిపాడు. చూడ్డానికి కోడిగుడ్డు ఆకారం. దాంతో బండి తేలికైంది, కుదుపు తగ్గింది. ఈ పట్టీల కట్టనే మనవాళ్లు 'కమాను' అన్నారు. కమాను అంటే పారసీలో విల్లు. ఎంత చక్కగా అతికిందో చూడండి! స్టేషన్నించి ఇంటికి తీసుకొచ్చిన మన జట్కాబళ్లకీ ఈ కమాన్లే ఉండేవి.

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ చేసిన మూడుచక్రాల మోటారుబండిలోనూ వెనక చక్రాలకే కమాన్లు. రెండేళ్ల తర్వాత ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని, ఆయనకి ముందుగా చెప్పకుండా, అలాంటి బండిలోనే మన్‌హైమ్ నించి ఫోర్ట్‌జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్లకి పైగా వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీపిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. కాబట్టి కారు మరమ్మతు మగవాళ్ల సొత్తని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

ఇక మన టకటక సంగతి. కమానుమీద బరువు పడితే వంపు తగ్గుతుంది, అంచేత దాని పొడవు కొంచెం పెరుగుతుంది. రెండు కొసలూ బిగించేస్తే సాగడానికి చోటేదీ? అందుకని ముందు కొసని బండికి బిగించి, వెనక కొసని రెండు చిన్న ఇనపబద్దలకి వేలాడదీస్తారు. ఆ బద్దల్నే షాకిల్ అంటారు. ఉయ్యాలబల్లకి గొలుసు ఎలాగో కమానుకి షాకిల్ అలాగ. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యన రబ్బరు బుష్‌లుంటాయి. అవి అరిగితే టకటక మొదలు. ఇంకా ఊరుకుంటే బండి తోక అటూ ఇటూ ఊగుతుంది. లారీని దాటేటప్పుడు ఆ ఊపు ప్రాణాలమీదికి తెస్తుంది.

1957లో మొదలైన అంబాసిడర్‌కీ, 1964లో వచ్చిన ఫియట్ డిలైట్‌కీ (తర్వాత దానికే పద్మిని అని పేరుపెట్టారు) వెనక కమాన్లే. లైసెన్సులూ పర్మిట్ల రోజులవి. కొత్త కారుకి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే ఉన్న కారుని కంటికి రెప్పలా చూసుకునేవారు. ఆదివారం వస్తే వాకిట్లో పాతచీర ముక్కలు, కిరసనాయిలు డబ్బా, పానాలు పరిచేవారు.

షాకిల్ మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. కానీ ఒక్క నియమం ప్రాణంతో సమానం. జాకీని నమ్మి బండికింద దూరకూడదు. ముందు చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి, వెనకభాగం ఎత్తి, గట్టి ఇనపస్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు పనికిరావు, పగిలిపోతాయి. తర్వాత జాకీతో ఇరుసుని కొంచెం ఎత్తితే కమాను బిగువు తగ్గుతుంది. తుప్పుపట్టిన నట్లకి ముందురోజు రాత్రే కిరసనాయిలు పోసి ఉంచితే తెల్లారేసరికి మెత్తబడతాయి. కొత్త రబ్బరుకి మాత్రం కిరసనాయిలూ గ్రీజూ తగలనివ్వకూడదు, ఉబ్బి పాడవుతుంది. బిగుతుగా ఉంటే సబ్బునీళ్లు రాస్తే సరి, గాజులు ఎక్కించుకున్నట్టే ఎక్కుతుంది. ఒకవైపు మారిస్తే రెండోవైపూ మార్చాలి. చివరి బిగింపు మాత్రం బండి కిందికి దిగి, తన బరువు తను మోస్తున్నప్పుడే. గాల్లో ఉండగా బిగిస్తే, దిగాక రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మొదట్లో దానికీ వెనక కమాన్లే. 1986లో వచ్చిన కొత్త రూపంలో చుట్టస్ప్రింగులు పెట్టారు. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ఆగిపోయాయి. అయినా పాత బళ్లని ప్రేమగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చుట్టస్ప్రింగు ఇరుసుని పట్టి ఉంచలేదు, అంచేత ఆ బళ్లలో ఇరుసుని పట్టి ఉంచే బద్దలు వేరే ఉంటాయి. వాటి కొసల్లోనూ రబ్బరు బుష్‌లే. అవీ అరుగుతాయి, అవీ టకటకమంటాయి.

రెండువందల ఏళ్లలో తోలు ఉక్కయింది, ఉక్కుపట్టీ చుట్టయింది. కుదుపు మనదాకా రాకుండా తను నలిగిపోయే చిన్న ముక్క ఒకటి మాత్రం ఎప్పుడూ ఉంటూనే ఉంది. ప్రతి ఇంట్లోనూ అలాంటివాళ్లు ఒకరుంటారు, కదూ? వాళ్లు కాస్త చప్పుడు చేసినప్పుడే వింటే మంచిది.