ఇంటిపేరు పోగొట్టుకున్న అక్షరాలు - జావా ఫైళ్ళ కథ

ఫైల్లోంచి ఒక్క లైను చదవాలి. అంతే. దానికి జావాలో ముందు ఫైల్ ఇన్‌పుట్ స్ట్రీమ్ తెరవాలి, దాన్ని తీసుకెళ్ళి ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్లో పెట్టాలి, ఆ రీడర్ని మళ్ళీ బఫర్డ్ రీడర్లో పెట్టాలి. ఇంజనీరింగ్ ల్యాబుల్లో ఈ మూడు పేర్లూ రికార్డులో ఎక్కించి, వైవాలో అప్పజెప్పి బయటపడ్డవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. "వీళ్ళకి పనిలేదు, ప్రతిదానికీ ఓ క్లాసు" అని తిట్టుకోని వాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు :) కానీ ఆ మూడు క్లాసులూ ఊరికే పుట్టలేదు. వాటి వెనకాల పాతికేళ్ళకి పైబడ్డ చరిత్ర ఉంది. అందులో మన తెలుగక్షరాల గొడవ కూడా ఉంది.

స్ట్రీమ్ అన్న మాట జావా వాళ్ళు కనిపెట్టింది కాదు. సీ ప్లస్ ప్లస్ కోసం బ్యార్నే స్ట్రౌస్ట్రప్ 1984 ప్రాంతంలోనే స్ట్రీమ్ లైబ్రరీ రాశాడు. తర్వాత జెర్రీ ష్వార్జ్ దాన్ని తిరగరాశాడు. ఫైలుని ఒక ఆబ్జెక్టుగా చూడటం, దాంట్లోంచి డేటా కాలవలో నీళ్ళలా వస్తుందనుకోవడం అప్పటికే అలవాటైన ఆలోచన. 1991లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం మొదలుపెట్టిన భాష, ఓక్ అన్న పేరు వదిలించుకుని, 1996 జనవరిలో జేడీకే 1.0గా బయటికొచ్చింది. ఆ ఆలోచన కూడా దాంతోపాటే వచ్చింది.

జావా వాళ్ళు చేసిన తెలివైన పని ఇంకొకటుంది. 1994లో వచ్చిన డిజైన్ పాటర్న్స్ పుస్తకంలో డెకరేటర్ అని ఒకటి ఉంటుంది. మన టిఫిన్ క్యారియర్ లాంటిదన్నమాట. ఏ గిన్నె మీద ఏ గిన్నెనైనా పెట్టుకోవచ్చు, పైన పట్టుకునే పిడి మాత్రం ఒక్కటే. అడుగున ఫైలుందా, నెట్‌వర్క్ సాకెట్ ఉందా, మెమరీలో ఉన్న బైట్ల వరస ఉందా అన్నది పైనున్న బఫరుకి అనవసరం. కంప్రెస్ చేసిన ఫైలైతే మధ్యలో ఇంకో గిన్నె పెడితే సరి. పెద్ద పనులకి ఇది బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఒక్క లైను చదవాల్సినవాడికి మాత్రం ఒక్క ఇడ్లీ కోసం నాలుగు గిన్నెల క్యారియర్ మోసినట్టయ్యింది.

సరే, అసలు కథకొద్దాం.

జావాలో క్యారెక్టర్ అంటే మొదట్నుంచీ 16 బిట్లు. అప్పట్లో ఎక్కువ భాషల్లో 8 బిట్లే కాబట్టి ఇది చాలా ముందుచూపు. యూనికోడ్ 1991లో తన మొదటి వెర్షన్లోనే తెలుక్కి చోటిచ్చింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు మనవి. 'అ' నంబరు 3077. దీన్ని రెండు బైట్లుగా విడదీస్తే 12, 5 వస్తాయి. పన్నెండుని 256తో గుణించి ఐదు కలిపి చూసుకోండి. తెలుగక్షరాలన్నిటికీ మొదటి బైటు ఈ పన్నెండే. అది మన ఇంటిపేరనుకోండి (పక్కింటి కన్నడం వాళ్ళదీ అదే ఇంటిపేరు!).

మరి జేడీకే 1.0లో స్ట్రీములో? అవన్నీ 8 బిట్లవే. భాష లోపల ప్రపంచ లిపులన్నిటికీ చోటుంది, గుమ్మం మాత్రం ఒక్క బైటు వెడల్పే. డేటా అవుట్‌పుట్ స్ట్రీమ్‌లో రైట్ బైట్స్ అని ఒక మెథడ్ ఉంది. దానికి స్ట్రింగు ఇస్తే ప్రతి అక్షరంలోనూ పై 8 బిట్లు పారేసి కింది 8 బిట్లు మాత్రమే రాస్తుంది. అంటే 'అ' ఇస్తే పన్నెండు పోయి ఐదు మిగులుతుంది. ఐదంటే కంటికి కనిపించని ఒక కంట్రోల్ క్యారెక్టర్. ఇంటిపేరు పోయింది, మనిషీ పోయాడు. ఎర్రరు లేదు, వార్నింగు లేదు. ఇంగ్లీషు అక్షరాలకి పై బైటు ఎలాగూ సున్నా కాబట్టి వాళ్ళకేం పోలేదు, అందుకే ఎవరికీ అనుమానమూ రాలేదు.

ఏడాది తిరగ్గానే, 1997 ఫిబ్రవరిలో, జేడీకే 1.1తో దిద్దుబాటు వచ్చింది. బైట్లకి స్ట్రీములు, అక్షరాలకి రీడర్లు, రైటర్లు అని రెండు కుటుంబాలు చేశారు. పాత డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్‌లో ఉన్న రీడ్ లైన్ మెథడ్ బైట్లని అక్షరాలుగా సరిగ్గా మార్చదని చెప్పి డెప్రికేట్ చేశారు. మనం తిట్టుకున్న ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్ ఈ రెండు కుటుంబాల మధ్య వియ్యం కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య. ఈ బైట్లు ఏ ఎన్‌కోడింగులో ఉన్నాయో చెప్తే వాటిని అక్షరాలు చేసి ఇస్తుంది.

చెప్పకపోతే? ఇక్కడే ఉంది తిరకాసంతా. చెప్పకపోతే ఆ మెషీను డిఫాల్ట్ వాడుకుంటుంది. అమెరికా సెట్టింగులతో ఉన్న విండోస్ మీద ఒక ఎన్‌కోడింగు, జపాన్ విండోస్ మీద ఇంకోటి, లినక్స్ మీద లొకేల్ ఎలా ఉంటే అలా. ఫైలు ఒకటే, ప్రోగ్రామూ ఒకటే, ఏ మెషీన్ మీద నడిచిందన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందని ఊరంతా టముకు వేసిన భాషలో!

జపాన్ వాళ్ళకి కనీసం వాళ్ళ డిఫాల్టంటూ ఒకటుంది. విండోస్‌లో డిఫాల్టుగా పెట్టుకోడానికి తెలుక్కి పాతకాలపు కోడ్ పేజీ లేదు, యూనికోడే దిక్కు. అంటే విండోస్ డిఫాల్ట్‌ని నమ్ముకున్న జావా ప్రోగ్రాముకి తెలుగు చదివే మార్గం లేదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో కస్టమర్ల పేర్లు తెలుగులో ఉండేవి. డెవలపర్ల మెషీన్లలో అంతా బాగానే ఉండేది. సర్వర్లో తయారైన రిపోర్టులో మాత్రం పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. నాలుగు రోజులు ఫాంటు మీద అనుమానంతో గడిచిపోయాయి. చివరికి తేలిందేంటంటే సర్వర్ లొకేల్ ఆస్కీ.

ఇక్కడ ఒక తేడా గమనించండి. యూటీఎఫ్-8లో 'అ' మూడు బైట్లు: 224, 176, 133. వీటిని పాశ్చాత్య ఎన్‌కోడింగులో చదివితే నెత్తిన గీతున్న ఒక లాటిన్ అక్షరం, డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు కనిపిస్తాయి. అది చూడ్డానికి చెత్తే గానీ చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎందుకంటే ఫైల్లో బైట్లు పదిలంగానే ఉన్నాయి. రాసేటప్పుడు ప్రశ్నార్థకం పడిందంటే మాత్రం అది నిజంగానే ప్రశ్నార్థకం, బైటు నంబరు 63. రామారావు, సుబ్బమ్మ అందరూ 63లైపోతారు. బ్యాకప్ లేకపోతే ఇక ఏ దేవుడూ తిరిగి తేలేడు.

మధ్యలో చాలా బాగుపడ్డాయి. 2002లో 1.4తో మార్క్ రైన్‌హోల్డ్ నడిపించిన ఎన్ఐఓ వచ్చింది. బఫర్లు, ఛానెళ్ళతో పాటు ఎన్‌కోడింగుకి ఛార్‌సెట్ అని సొంత క్లాసు దక్కింది. 2011లో జావా 7 ఫైళ్ళకి కొత్త లైబ్రరీ ఇచ్చింది. పాత డిలీట్ మెథడ్ పని కాకపోతే ఫాల్స్ అని ఊరుకునేది, కొత్తది ఎందుకు కాలేదో ఎక్సెప్షన్ రూపంలో చెప్తుంది. తెరిచిన ఫైలుని దానంతటదే మూసే ట్రై కూడా అప్పుడే వచ్చింది. 2007 నాటికి జావా సొంత లైబ్రరీల్లోనే క్లోజ్ వాడకాల్లో మూడింట రెండొంతులు తప్పని జాషువా బ్లాక్ రాశాడు. పంతుళ్ళకే తప్పులొస్తుంటే పిల్లలనేం అంటాం?

అయినా డిఫాల్ట్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఫైల్ రీడర్‌కి ఎన్‌కోడింగు చెప్పుకునే కన్‌స్ట్రక్టర్ 2018లో, జావా 11లో గానీ రాలేదు. 1997 నుంచి లెక్కేస్తే 21 ఏళ్ళు! 2022 మార్చిలో జావా 18తో చివరికి డిఫాల్ట్‌ని యూటీఎఫ్-8 చేశారు. ఏ మెషీనైనా సరే.

ఇంత ఆలస్యం ఎందుకంటే, పాత డిఫాల్ట్‌ని నమ్ముకుని రాసిన ఫైళ్ళు, ప్రోగ్రాములు అప్పటికే లోకమంతా ఉన్నాయి. మారిస్తే అవి విరిగిపోతాయన్న భయం. భయంలో న్యాయం లేకపోలేదు. కానీ మార్చకపోవడం వల్ల రోజూ విరుగుతున్నవి ఎవరివో కూడా చూడాలి కదా. డిఫాల్ట్ అంటే "నువ్వేం చెప్పకపోతే నువ్వు ఫలానావాడివని అనుకుంటాను" అనడం. పాతికేళ్ళపాటు ఆ ఫలానావాడు మనం కాదు.

జావా 8 మీద నడుస్తున్న ప్రాజెక్టులు ఇప్పటికీ బోలెడున్నాయి. మీదీ అలాంటిదైతే, ఫైలు తెరిచే చోటల్లా ఎన్‌కోడింగు రాసి ఉందో లేదో ఒకసారి వెతికి చూడండి. అరగంట పని. అవతల ఎవరో ఒకరి పేరు 63 కాకుండా ఆగుతుంది.