క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ఎక్సెల్

ఎక్సెల్ నేర్చుకున్న కొత్తలో నేనేం చేసేవాణ్ణంటే, గళ్ళలో అంకెలు కొట్టి, పక్కన క్యాలిక్యులేటర్‌తో కూడి, ఆ మొత్తాన్ని కింద టైపు చేసేవాణ్ణి. నవ్వకండి, ఇప్పటికీ చాలామంది ఇదే చేస్తున్నారు. చెల్లెలి పెళ్ళి ఖర్చులూ అలాగే రాశాను. తర్వాత షామియానా రేటు పెరిగితే ఆ గడి మార్చాను, కింద మొత్తం పాతదే ఉండిపోయింది. అది చూసుకునే నాన్న డబ్బు సర్దారు. పెళ్ళి రేపనగా ఆరువేలు తక్కువొచ్చింది.

అసలు స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఈ బాధ తీర్చడానికి. 1978లో డాన్ బ్రిక్లిన్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో విద్యార్థి. బోర్డు మీది పట్టికలో ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్ళీ రాయాలి. అవి వాటంతటవే మారిపోతే? బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రామ్ రాశాడు, 1979లో యాపిల్ 2 మీద విజికాల్క్ వచ్చింది. ఎక్సెల్ 1985లో, అదీ ముందు మాకింటాష్‌కి. కాబట్టి ఫార్ములాని కోర్సు చివర్లో చెప్పడం నాకు నచ్చదు. స్ప్రెడ్‌షీట్ అంటేనే అది.

ఫొటోషాప్‌దీ ఇలాంటి కథే. థామస్, జాన్ నోల్ అన్నదమ్ములు మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ 1990లో మార్కెట్లోకొచ్చింది. అప్పట్లో లేయర్లు లేవు, దిద్దితే బొమ్మ మీదే దిద్దాలి. లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అవి వచ్చిన ఎన్నో ఏళ్ళకి నేర్చుకుని కూడా, తాతయ్య ఫొటో స్కాన్ మీద నేరుగా మరకలు తుడిచి సేవ్ కొట్టేశాను. మరకతో పాటు ఒక కనుబొమ్మా పోయింది. కాగితం ఫొటో అప్పటికే చెదలపాలు.

సరే, ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఫొటో తెరవగానే ముందు కంట్రోల్, జె.